భూమి పొయ్యి ఆరిపోతే...?

2024 డిసెంబరు 4. ఉదయం ఏడున్నర కావస్తోంది. ఇళ్లలో కాఫీలు, టిఫిన్ల హడావుడి. పిల్లల్ని బడికి తయారుచేసే తొందర. అంతలో ములుగు జిల్లా అడవుల కింద భూమి ఒక్కసారి ఒళ్లు విదిలించుకుంది. తీవ్రత 5.3. ఆ కుదుపు వరంగల్, ఖమ్మంలే కాదు, హైదరాబాద్ దాకా వెళ్లింది. ఇటు ఆంధ్రలోనూ చాలాచోట్ల తెలిసింది. కొన్ని సెకన్ల ముచ్చటే. కానీ ఆ రోజంతా ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే మాట... 'ఈ భూమి ఇక కుదురుగా ఉండదా?'

ఉండదు. అసలు ఉండకూడదు! శాస్త్రవేత్తల మాట వింటే అలాగే అనిపిస్తుంది. కుదురుగా, నిశ్శబ్దంగా, చలనం లేకుండా ఉన్న గ్రహాలు మన పొరుగునే ఉన్నాయి. వాటి మీద చెట్టు లేదు, చేమ లేదు. పారే ఏరు లేదు. భూకంపాలు, అగ్నిపర్వతాలు పెట్టే బాధలు మనకు తెలుసు. కానీ వాటిని పుట్టించే వేడే భూమిని ఇన్ని కోట్ల ఏళ్లుగా బతకడానికి వీలైన చోటుగా ఉంచుతోంది. ఆ వేడి నిలవాలంటే గ్రహానికి తగినంత సైజు ఉండాలి. అదీ ఈ వారం కథ.

ఇడ్లీకీ గుండిగకీ తేడా

పొయ్యి మీంచి దించిన ఇడ్లీ, మనం చట్నీ తెచ్చుకునేలోపే చల్లారిపోతుంది. అదే పెళ్లింట్లో గుండిగలో కాచిన సాంబారు? మూడో బంతి లేచినా పొగలు కక్కుతూనే ఉంటుంది. రెండూ నిప్పు మీంచి దిగినవే. మరి తేడా ఎక్కడ?

వేడి ఉండేది వస్తువు లోపలంతా. బయటికి పోయేది మాత్రం పైతలం నుంచే. వస్తువు పెద్దదయ్యేకొద్దీ లోపలి సరుకు పెరిగినంత వేగంగా పైతలం పెరగదు. గ్రహాలకూ ఇదే సూత్రం. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. అంగారకుడిది 6,779. అంటే సగానికి కాస్త ఎక్కువ. అంగారకుడితో పోలిస్తే భూమి పైతలం మూడున్నర రెట్లు. లోపలి ఘనపరిమాణం మాత్రం ఆరున్నర రెట్లకు పైనే! సరుకు అంత ఎక్కువ, వేడి పారిపోయే దారి మాత్రం అంత ఎక్కువ కాదు. కాబట్టి భూమి గుండిగ, అంగారకుడు గిన్నె. ఇక 3,474 కిలోమీటర్ల చంద్రుడు... ఇడ్లీయే.

చంద్రుడి కథ అందుకే తొందరగా ముగిసింది. పుట్టిన కొత్తలో అది పైనంతా కరిగిన రాతి సముద్రంలా ఉండేదని శాస్త్రవేత్తల అంచనా. శ్రీహరికోట నుంచి వెళ్లి 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 రోవర్ 'ప్రజ్ఞాన్' అక్కడి మట్టిని పరీక్షించింది. ఆ ఫలితాలు కూడా ఈ అంచనాకే బలమిచ్చాయి. తర్వాత చంద్రుడి మీద లావా పొంగింది. పున్నమి నాడు మనకు కుందేలులా కనిపించే ఆ నల్లని మచ్చలు గడ్డకట్టిన లావా మైదానాలే. వాటిలో ఎక్కువ భాగం 300 కోట్ల ఏళ్లకు ముందువి. చైనా నౌక చాంగె-5 2020లో తెచ్చిన రాళ్లలో 200 కోట్ల ఏళ్ల నాటివీ ఉన్నాయి. ఆ తర్వాత పొయ్యి దాదాపుగా ఆరిపోయింది.

తప్పిన పెద్దాయన లెక్క

మరి భూమి ఇంకా ఎందుకు చల్లారలేదు? ఈ ప్రశ్నతో తల పట్టుకున్నవాళ్లలో బ్రిటన్ శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ ఒకరు. ముద్దలా కరిగి ఉన్న భూమి ఇప్పుడున్న స్థితికి చల్లబడటానికి ఎంతకాలం పడుతుందో 1862లో ఆయన లెక్క కట్టారు. వచ్చిన జవాబు... 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ల మధ్య. అసలు వయసు 454 కోట్ల ఏళ్లని ఇప్పుడు మనకు తెలుసు.

పెద్దాయన లెక్కల్లో దిట్టే. కానీ రెండు సంగతులు ఆయనకు అందలేదు. ఒకటి, భూమి లోపలి రాయి గట్టిదే అయినా లక్షల ఏళ్ల మీద మెల్లగా పాకంలా కదులుతుంది. అడుగు వేడిని పైకి మోసుకొస్తుంది. ఆయన శిష్యుడే అయిన జాన్ పెర్రీ 1895లో ఈ లోపాన్ని ఎత్తి చూపారు. రెండోది, భూమి లోపల యురేనియం, థోరియం, పొటాషియం లాంటి మూలకాలు అణువణువుగా విచ్ఛిన్నమవుతూ కొత్తగా వేడి పుట్టిస్తున్నాయి. అంటే ఇది దించిపెట్టిన గుండిగ మాత్రమే కాదు, అడుగున సన్నని సెగ ఉన్న గుండిగ!

భూమి లోపలి నుంచి ఇవాళ్టికీ సుమారు 47 లక్షల కోట్ల వాట్ల వేడి బయటికొస్తోంది. అందులో దాదాపు సగం ఈ మూలకాల చలవేనని జపాన్‌లోని కామ్‌ల్యాండ్ పరిశోధనశాల 2011లో ప్రకటించింది. మిగతాది భూమి పుట్టినప్పటి పాత వేడి. పెద్ద గ్రహానికి ఈ రెండు ఖాతాల్లోనూ నిల్వ ఎక్కువ. ఖర్చు నిదానం.

మీగడ కదలాలి

పాలు కాగుతుంటే పైన మీగడ కడుతుంది. అడుగున సెగ బలంగా ఉంటే పాలు కిందికీ మీదికీ తిరుగుతూ ఆ మీగడను చీల్చి పక్కకు తోస్తాయి. సెగ తగ్గితే? మీగడ మందంగా, కదలకుండా మూతలా కప్పేస్తుంది. భూమి పై పెంకు చీలిన మీగడ లాంటిది. పెద్దవీ చిన్నవీ కలిపి పలకలుగా విడిపోయి ఉంది. మన భారత పలక ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతోంది. గోళ్లు పెరిగినంత వేగమే. ఆ తోపులాటకే హిమాలయాలు లేచాయి. ఆ ఒత్తిడి పలక మధ్యలో ఉన్న మన దాకా కూడా వస్తుంది. గోదావరి లోయ వెంట భూమిలో ఉన్న పాత పగుళ్లు అప్పుడప్పుడూ కదులుతుంటాయి. 1969లో భద్రాచలం దగ్గర, 2024లో ములుగు దగ్గర జరిగింది అదే.

పలక కదిలిందనడానికి సాక్ష్యం మన కాళ్ల కిందే ఉంది. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడి నేలలు చూశారుగా? దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పొంగిన లావా రాయి అరిగి ఏర్పడిన మట్టి అది. రాజమండ్రి దగ్గర కాటేరులోనూ ఆ లావా పొరలున్నాయి. దాన్ని పొంగించిన పొయ్యి ఇప్పుడు మన కింద లేదు. మన పలక పైకి జరిగిపోయింది. ఆ పొయ్యి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఉందని శాస్త్రవేత్తలు చెబుతారు. అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతూనే ఉంటుంది.

అంగారకుడి మీద అలా కాదు. చిన్న గ్రహం, తొందరగా చల్లారింది. మీగడ మందంగా గడ్డకట్టింది. కదలని పెంకు కింద ఒకేచోట పొయ్యి మండుతూ పోతే ఏమవుతుంది? లావా మీద లావా పేరుకుపోతుంది. అలా లేచిందే ఒలింపస్ మాన్స్. ఎత్తు సుమారు 22 కిలోమీటర్లు... రెండు ఎవరెస్టులు ఒకదాని మీద ఒకటి పెట్టినా చాలవు! అడుగు వెడల్పు దాదాపు 600 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖకు రోడ్డున వెళ్లినంత దూరం. సౌర కుటుంబంలోని అతి పెద్ద అగ్నిపర్వతం ఒక చిన్న గ్రహం మీద ఉండటం వింతేమీ కాదన్నమాట.

లోపలి చలనం మందగించడంతో అంగారకుడి అయస్కాంత కవచం కూడా దాదాపు 400 కోట్ల ఏళ్ల కిందటే పోయింది. చిన్న గ్రహం కాబట్టి ఆకర్షణ శక్తీ తక్కువ. సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలికి వాతావరణం కొంచెం కొంచెంగా అంతరిక్షంలోకి పోయింది. ఇప్పుడక్కడ గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో నూరో వంతు కూడా లేదు. ఒకప్పుడు నదులు పారిన జాడలు మాత్రం మిగిలాయి. అయితే అంగారకుడు పూర్తిగా చచ్చిపోలేదు. 2018లో దిగిన నాసా 'ఇన్‌సైట్' నాలుగేళ్లలో 1,300కు పైగా కంపాలను నమోదు చేసింది. 2022 మే 4న వచ్చిన అతిపెద్దదాని తీవ్రత 4.7. ఆ గ్రహం మొత్తం మీద నాలుగేళ్లలో కనిపించిన పెద్ద కుదుపు, ఆ ఉదయం ములుగులో వచ్చినదానికన్నా చిన్నది!

మీ ఇంటి బండల్లో బొగ్గుపులుసు

సరే, వేడి ఉంది, పలకలు కదులుతున్నాయి. దానికీ మన బతుక్కీ సంబంధమేమిటి?

ఇంట్లో నేల మీద తాండూరు బండలో, బేతంచెర్ల నాపరాళ్లో ఉంటే ఒకసారి చూడండి. అవి సున్నపురాళ్లు. కోట్ల ఏళ్ల కిందట గాలిలో తిరిగిన బొగ్గుపులుసు వాయువే వాటిలో రాయిగా బిగిసి ఉంది. అదెలాగంటే... వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దిగా కరిగించుకుని పులుపెక్కుతుంది. ఆ నీరు కొండరాళ్లను మెల్లగా కొరికి, అందులోని కాల్షియాన్ని నదుల్లో కలిపి సముద్రానికి చేరుస్తుంది. అక్కడ రెండూ కలిసి సున్నపురాయిగా అడుగున పేరుకుంటాయి. అంటే ప్రతి వానా గాలిలోంచి ఇంత వాయువును తీసి రాతి పెట్టెలో పెట్టి తాళం వేస్తోందన్నమాట.

ఇలా తీయడమే తప్ప తిరిగి పెట్టడం లేకపోతే? బొగ్గుపులుసు వాయువు భూమికి దుప్పటి. ఆ దుప్పటి పలచబడి చివరికి భూమి గడ్డకట్టుకుపోవాలి. అలా జరగకుండా కాపాడుతున్నవి పలకలు, అగ్నిపర్వతాలు. సముద్రం అడుగు పలక ఖండాల కిందికి దూరినప్పుడు ఆ సున్నపు సరుకూ లోపలికి వెళుతుంది. అక్కడి వేడికి వాయువు విడివడి అగ్నిపర్వతాల నోట మళ్లీ గాలిలోకి వస్తుంది. జమా, ఖర్చు సరి!

ఇందులో ఇంకో తిరకాసు కూడా ఉంది. భూమి వేడెక్కితే వానలు పెరిగి, రాళ్లు త్వరగా అరిగి, వాయువు తగ్గుతుంది. చల్లబడితే రాళ్ల అరుగుదల మందగించి వాయువు పోగవుతుంది. ఫ్రిజ్‌లో చలిని అదుపుచేసే థర్మోస్టాట్ లాంటిదే ఇదీ. జేమ్స్ వాకర్, పాల్ హేస్, జేమ్స్ కాస్టింగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1981లో దీన్ని వివరించారు. సుమారు 70 కోట్ల ఏళ్ల కిందట భూమి దాదాపు మొత్తం మంచు ముద్దగా మారిందంటారు. అంత మంచులో వానలు లేవు, రాళ్ల అరుగుదల లేదు. అగ్నిపర్వతాలు మాత్రం ఆగలేదు. కోట్ల ఏళ్లు వాయువు పోగై, దుప్పటి మందమై, మంచు కరిగింది. ఆ రోజు భూమి పొయ్యి ఆరిపోయి ఉంటే ఈ కథ చదవడానికి ఎవరూ ఉండేవాళ్లు కాదు.

'అయితే ఇప్పటి వేడిని కూడా భూమే చూసుకుంటుందిలే' అనుకుంటున్నారా? ఆ ఆశ వద్దు. ఈ థర్మోస్టాట్ పనిచేసేది లక్షల ఏళ్ల లెక్కన. మనం బొగ్గు, చమురు కాల్చి ఏటా వదిలేది 3,700 కోట్ల టన్నులకు పైగా. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిపి సాధారణంగా వదిలేది అందులో నూరో వంతు కూడా ఉండదు.

సైజు ఉన్నా... శుక్రుడు!

ఇంతవరకూ చదివితే 'గ్రహం పెద్దదైతే చాలు' అనిపిస్తుంది. కాదని చెప్పడానికి శుక్రుడున్నాడు. వ్యాసం 12,104 కిలోమీటర్లు. భూమికి తోబుట్టువే. కానీ నేల మీద వేడి సుమారు 465 డిగ్రీలు, సీసం కరిగిపోతుంది. గాలి ఒత్తిడి మనకంటే 90 రెట్లు. ఆ గాలిలో 96 శాతానికి పైగా బొగ్గుపులుసు వాయువే. మన దగ్గర సున్నపురాళ్లలో బంధించి ఉన్నదంతా అక్కడ గాలిలోనే ఉండిపోయినట్టన్నమాట.

శుక్రుడి మీద అగ్నిపర్వతాలున్నాయి. 1990లలో మాజెలాన్ నౌక తీసిన పాత రాడార్ చిత్రాలను మళ్లీ తిరగేసిన ఇద్దరు శాస్త్రవేత్తలకు, మాట్ మాన్స్ మీద ఒక బిలం 1991లో ఎనిమిది నెలల్లోనే ఆకారం మార్చుకున్నట్టు కనిపించింది. 2023లో ఈ సంగతి బయటపెట్టారు. పొయ్యి మండుతోంది సరే, భూమిలా కదిలే పలకల వ్యవస్థ మాత్రం అక్కడ కనిపించదు. సూర్యుడికి దగ్గరగా ఉండటంతో నీళ్లన్నీ ఆవిరైపోయాయి. రాళ్లను మెత్తబరిచి, పగుళ్లు జారేలా చేసే నీళ్లు లేక పెంకు బిగుసుకుపోయిందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. పిండిలో నీళ్లు చాలకపోతే ముద్ద సాగదు కదా, అలాగే!

చిన్నదైనా మండిపోయే మినహాయింపూ ఒకటుంది. గురుగ్రహం చుట్టూ తిరిగే అయో. మన చంద్రుడికన్నా కాస్తే పెద్దది. అయినా వందల అగ్నిపర్వతాలతో కుతకుతలాడుతోంది. గురుడి ఆకర్షణ దాన్ని పిండిని పిసికినట్టు పిసుకుతుండటంతో పుట్టే వేడి అది. 1979లో వోయేజర్-1 చిత్రంలో అక్కడి అగ్నిపర్వతం చిమ్మిన పొగను లిండా మొరాబిటో మొదటిసారి గుర్తించారు. వేడి సొంత ఇంటిదే కానక్కర్లేదు, పొరుగింటి నుంచి కూడా రావచ్చని అయో నేర్పింది. పొయ్యి ఎంత మండినా నీళ్లూ గాలీ లేక బతుకు లేదని కూడా నేర్పింది.

పెద్దన్నల సంగతేమిటి?

మన సౌర కుటుంబంలోని రాతి గ్రహాల్లో అన్నిటికన్నా పెద్దది భూమే. కానీ ఇతర నక్షత్రాల చుట్టూ ఇంతకన్నా పెద్ద రాతి గ్రహాలు బోలెడు. వాటిని సూపర్ ఎర్త్‌లు అంటున్నారు. సౌర కుటుంబం బయట గుర్తించిన గ్రహాల సంఖ్య 2025లో 6 వేలు దాటింది. మరి ఆ పెద్దన్నల మీద పలకలు కదులుతాయా?

2007లో ఈ ప్రశ్న మీద రెండు బృందాలు రెండు దిక్కులకు వెళ్లాయి. హార్వర్డ్‌లో డయానా వాలెన్సియా బృందం 'తప్పకుండా కదులుతాయి' అంది. గ్రహం పెద్దదైతే లోపలి సెగ ఎక్కువ, మీగడ పలచన, తోపు బలం... కాబట్టి చీలక తప్పదన్నది వారి వాదన. క్రెయిగ్ ఓనీల్, ఏడ్రియన్ లెనార్డిక్ దానికి ఎదురు చెప్పారు. పెద్ద గ్రహానికి ఆకర్షణ ఎక్కువ, ఆ బరువుకు పగుళ్లు ఒకదానికొకటి బిగిసిపోతాయి, పెంకు కదలని మూతే అవుతుందన్నారు. అప్పటి నుంచీ కంప్యూటర్ నమూనాలు అటూ ఇటూ మొగ్గుతూనే ఉన్నాయి. పంచాయతీ ఇంకా తెగలేదు.

ఒక్క సంగతి మీద మాత్రం ఏకాభిప్రాయం ఉంది. మరీ పెద్దదైతే వేరే చిక్కు. వ్యాసం భూమికి సుమారు 1.6 రెట్లు దాటితే, చాలా గ్రహాలు తేలికైన వాయువుల్ని దట్టంగా కప్పుకుని నెప్ట్యూన్‌కు తమ్ముళ్లలా తయారవుతాయి. కాలు పెట్టడానికి నేలే ఉండదు. రాతి గ్రహమైనా ఉండాల్సిన చోట ఉండకపోతే అంతే సంగతులు. భూమికి 1.3 రెట్లున్న ఎల్‌హెచ్‌ఎస్ 3844బి తన నక్షత్రాన్ని 11 గంటల్లోనే చుట్టేస్తుంది. స్పిట్జర్ టెలిస్కోప్ దాని వేడిని కొలిస్తే, మందపాటి వాతావరణం లేని బండరాయిగా తేలింది. అంటే చిన్నదైతే చల్లారుతుంది. మరీ పెద్దదైతే ఊపిరాడదు. సరైన సైజు ఉన్నా నీళ్లుండాలి, సూర్యుడికి తగిన దూరంలో ఉండాలి. అన్నీ కుదిరిన చోటు మనకు తెలిసినంతలో ఒక్కటే.

జ్వాలాపురం చెప్పే మాట

ఈ కుదురులేని భూమి మీద బతకడం ఉచితం కాదు. సముద్రపు పలక సుమత్రా కిందికి దూరే చోట 2004 డిసెంబరు 26న భూమి కదిలింది. ఆ సునామీ రెండు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. మన తీరంలోనూ మత్స్యకార కుటుంబాలను ఏడిపించింది. ఆ సుమత్రాలోనే 74 వేల ఏళ్ల కిందట టోబా అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వచ్చి మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో పడింది. ఊరి పేరు కాకతాళీయమే, కానీ ఎంత సరిగ్గా కుదిరింది!

అక్కడ బూడిద పొర కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా ఉంది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్‌ల బృందం ఆ పొరకు కింద మనుషులు వాడిన రాతి పనిముట్లను చూసింది. బూడిద పొర మీద కూడా చూసింది. రెండూ ఒకే తీరులో ఉన్నాయని 2007లో ప్రకటించింది. ఆకాశం నుంచి బూడిద కురిసిన తర్వాత కూడా ఆ లోయలో ఎవరో రాయి చెక్కుకుంటూ బతికారన్నమాట.

మన పొయ్యి ఇప్పట్లో ఆరదు. ఇంకా వందల కోట్ల ఏళ్లకు సరిపడా వేడి లోపల ఉంది. కదిలే నేలను ఆపడం మన చేతుల్లో లేదు. కంపాన్ని తట్టుకునే ఇల్లు కట్టుకోవడం, తీరంలో ముందస్తు హెచ్చరికను వినడం మాత్రం మన చేతుల్లో పనే. ఈసారి ఇంట్లో గిన్నెలు గలగలమంటే కుదుపు ఆగాక ఆరుబయటికి రండి. భయం తగ్గాక పిల్లలకు చెప్పండి... మన కింద పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉందని!